సీక్వెన్సింగ్ రంగుల పేటెంట్ల లెక్క ఏటా అడగండి: కేంద్ర వాణిజ్య మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు బయోటెక్నాలజీ చెప్తాను. డీఎన్‌ఏ సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏలో అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో చదివే పద్ధతి, ఆ పాఠం వస్తే చాలు, "సార్, మన కాలేజీకి ఆ మెషిన్ ఎప్పుడొస్తది?" అని అడుగుతారు. మెషిన్ ఎట్లాగో తెచ్చుకున్నా దాంట్లో వాడే రంగుల కిట్ల దగ్గర ఆగిపోతాం. ప్రింటర్ కొన్నాక ఇంకు దగ్గర దొరికిపోయినట్టే.

డీఎన్‌ఏ అక్షరాలకు మెరిసే రంగులు అంటిస్తారు. ఒక అక్షరం వచ్చి చేరగానే కెమెరా ఫొటో తీస్తుంది, ఆ రంగును తెంచేశాక తర్వాతిది చేరుతుంది. కొన్ని మెషిన్లలో నాలుగు అక్షరాలకూ రెండే రంగులు: ఎ రెండింట్లోనూ మెరుస్తుంది, సి ఒకదాంట్లో, టి ఇంకోదాంట్లో. ఏమీ మెరవకపోతే అది జి.

ఈ రెండు రంగుల కిటుకు మీదే 2022 మేలో అమెరికాలోని డెలావేర్ జ్యూరీ, పేటెంటు ఉన్న కంప్లీట్ జీనోమిక్స్ కంపెనీకి 33 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని సీక్వెన్సింగ్ మెషిన్ల కంపెనీ ఇల్యుమినాకు చెప్పింది. జూలైలో 32.5 కోట్లకు రాజీ పడ్డారు. అంతకుముందు ఎంజో బయోకెమ్ కంపెనీ 2004లో అప్లెరా కంపెనీ మీద వేసిన ఇంకో పేటెంట్ కేసు 2012లో 4.86 కోట్ల డాలర్ల తీర్పుదాకా వెళ్లి, 2015లో అప్పీలులో నిలవలేదు. పదకొండేళ్లు! ఆ ఖర్చంతా చివరికి కిట్ ధరలోకే ఎక్కుతుందని నా అనుమానం.

మా పిల్లలు చదువు కాగానే జీడిమెట్ల, పటాన్‌చెరు మందుల కంపెనీల్లో కెమిస్టులుగా చేరుతున్నారు. ఇట్లాంటి రంగులు తయారుచేయడం వాళ్లకు చేతకాని పనేం కాదు. ఏ పేటెంటు మన దేశంలో ఇంకా నడుస్తోంది, దాన్ని ఇక్కడ వాడుతున్నారా, ఊరికే పెట్టుకున్నారా అన్నది తేలకే ఎవరూ పెట్టుబడి పెట్టరు. పేటెంట్ చట్టం 47వ సెక్షన్ ప్రయోగానికీ పాఠానికీ వెసులుబాటు ఇస్తుంది గానీ, చేసి అమ్ముకోవడానికి కాదు.

పేటెంట్ ఉన్నవాళ్లు దాన్ని మన దేశంలో వాడుతున్నారా లేదా అని పేటెంట్ ఆఫీసుకు లెక్క చెప్పేది ఫారం 27. 2012లో బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు మీద హైదరాబాద్ నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్స్ (పేటెంట్ ఉన్నవాళ్లు ఒప్పుకోకున్నా చేసి అమ్ముకోవడానికి ఇచ్చే అనుమతి) దక్కినప్పుడు బేయర్ ఆ ఫారంలో ఇచ్చిన లెక్కలు కూడా అక్కరకొచ్చాయి. అట్లాంటి ఫారాన్ని 2024 మార్చిలో ఏటా కాకుండా మూడేళ్లకోసారి ఇస్తే చాలన్నారు. కంపెనీలకు టెన్షన్ తగ్గింది, నిజమే. మూడేళ్లంటే మా దగ్గర ఒక డిగ్రీ బ్యాచ్ వచ్చి వెళ్లిపోయే కాలం.

సీక్వెన్సింగ్ రంగులు, కిట్ల పేటెంట్ల వరకైనా ఫారం 27ను మళ్లీ ఏటా అడగండి. గడువు తీరినవాటి జాబితా ఒకచోట పెట్టించండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక బయోటెక్నాలజీ లెక్చరర్