మొహం చూసి తీర్పు చెప్పేయకండి: ఈ నెల హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం

పేరెంట్స్ అందరికీ నమస్కారమండి,

యూనిట్ టెస్ట్ పేపర్లు ఇచ్చేశాం, సంతకం పెట్టి పంపేయండి, మార్కుల గురించి ఈసారికి అంతే. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఈ మధ్య నా రూమ్‌కి వస్తున్న గొడవలు చాలావరకు మాటలతో కాదు, మొహాలతో మొదలవుతున్నాయి. నేను తిడుతుంటే వీడు నవ్వుతున్నాడు మేడమ్ అని టీచర్లు, నన్ను చూసి మొహం అదోలా పెట్టింది అని పిల్లలు, ఎంత అడిగినా ఉలుకూ పలుకూ లేదండీ అని మీరు.

మొన్న సిక్స్త్ క్లాస్‌లో లంచ్ టైమ్‌లో జరిగింది చెప్తాను. ఒకమ్మాయి క్యారేజీ మూత తీస్తుంటే పప్పుచారు ఒలికి పక్కనున్న అబ్బాయి తెల్ల చొక్కా మీద పడింది. ఆ పిల్ల వెంటనే నాలిక కరుచుకుని భుజాలు ముడుచుకుంది, అంటే అయ్యో తప్పైపోయింది అని, మనలో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది కదా. ఆ అబ్బాయి అమెరికాలో పుట్టి పెరిగి ఈ ఏడే మన వైజాగ్ వచ్చాడు, వాడికేమో నాలిక చూపించి వెక్కిరిస్తున్నట్టు కనపడింది, ఇంకేముంది మిగిలిన చారంతా తీసి ఆ పిల్ల నెత్తిన ఒంపేశాడు. ఇప్పుడు క్లాస్‌లో అందరికంటే ఎక్కువగా నాలిక కరుచుకునేది వాడేననుకోండి, అది వేరే సంగతి.

ఇది వాడొక్కడి పొరపాటు కాదండి. జొనాథన్ హైట్, డాకర్ కెల్ట్‌నర్ అని ఇద్దరు సైకాలజిస్టులు మన పక్కనున్న ఒడిశాలోనూ అటు అమెరికాలోనూ జనానికి ఫోటోలు చూపించి ఈ మొహంలో ఏముందో చెప్పమన్నారు, 1999లో ఆ స్టడీ వచ్చింది. నాలిక కరుచుకున్న ఫోటో చూసి ఒడిశా వాళ్ళు సిగ్గుపడుతోందని పట్టేశారు, అమెరికా వాళ్ళకి అంతుపట్టలేదు.

మరి కోపం, ఏడుపు, సంతోషం ఎక్కడైనా ఒకటే కదా అంటారా? పాల్ ఎక్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు అదే అన్నాడు. 1960ల చివర్లో పపువా న్యూగినీలో బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని ఫోరే అనే జనం దగ్గరికి వెళ్ళి, చిన్న చిన్న కథలు చెప్పి, ఏ కథకి ఏ మొహం సరిపోతుందో ఫోటోల్లో చూపించమంటే చాలావరకు సరిగ్గానే చూపించారు, భయానికీ ఆశ్చర్యానికీ మాత్రం తేడా పట్టలేకపోయారు. (మన నాట్యశాస్త్రం ఎనిమిది స్థాయీభావాలు, అంటే మనసులో నిలిచుండే ముఖ్యమైన భావాలు, ఎప్పుడో లెక్కేసి పెట్టింది, మనం దాన్ని కూచిపూడి క్లాసుకి వదిలేశాం!) కానీ ఎవరి ముందు ఏది చూపించాలి, ఏది దాచాలి అనేది ఇంటినీ ఊరినీ బట్టి నేర్చుకునేదే అని కూడా ఎక్‌మన్, ఆయన తోటివాళ్ళే చెప్పారు. జపాన్ స్టూడెంట్లు ఒంటరిగా ఘోరమైన సినిమా చూస్తే అమెరికా వాళ్ళలాగే మొహం చిట్లించారట, రూమ్‌లోకి స్టడీ చేసే ఆయన వచ్చి కూర్చునేసరికి నవ్వుతో కప్పేశారట. తిడుతుంటే నవ్వే పిల్లాడిది నూటికి నూరుపాళ్ళూ పొగరే అని నేను అందుకే ఒప్పుకోను. ఇప్పుడు లీసా ఫెల్డ్‌మన్ బారెట్ లాంటి సైకాలజిస్టులైతే ఉత్త మొహాన్ని చూసి లోపలేముందో నమ్మకంగా చెప్పలేం అంటున్నారు.

మన స్కూల్లో చూడండి, నేవీ క్వార్టర్స్ నుంచి హర్యానా, కేరళ పిల్లలు, గాజువాక నుంచి ఒడియా, బెంగాలీ ఇళ్ళ పిల్లలు, ఇంట్లో కువి మాట్లాడే అరకు పిల్లలు, ఒకరింట్లో పెద్దవాళ్ళ కళ్ళలోకి చూస్తే పొగరు, ఇంకొకరింట్లో చూడకపోతే ఏదో దాస్తున్నట్టు, అందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ మొహం చూసి మార్కులేస్తే ఎలాగండి.

అలాగని అందరూ అన్నీ బయటపెట్టేయాలని కాదు. జేమ్స్ గ్రాస్ అనే ఇంకో సైకాలజిస్టు వాళ్ళ ప్రయోగాల్లో ఫీలింగ్ మొహంలో కనపడకుండా బిగబట్టుకున్న వాళ్ళకి లోపలి బాధేం తగ్గలేదు, పైగా ఒంట్లో స్ట్రెస్ పెరిగింది, 2003లో వచ్చిన ఒక స్టడీలోనైతే అలా బిగబట్టుకున్న వాళ్ళతో మాట్లాడిన అవతలి మనిషికి కూడా బీపీ పెరిగింది. కాకపోతే ఆసియా పద్ధతుల్లో పెరిగిన వాళ్ళలో ఈ నష్టం అంతగా లేదని తర్వాత తేలింది. అంటే పిల్లాడు కామ్‌గా ఉన్నాడంటే జబ్బు చేసినట్టేం కాదు, కంగారు పడకండి. మగపిల్లాడివి ఏడుస్తావేంట్రా అనేది మాత్రం దయచేసి మానేయండి, అది వాళ్ళు ఎంచుకున్న మౌనం కాదు, మనం నొక్కేసింది.

ఇక నుంచి గొడవ ఏదైనా, పిల్లలు తమకి వచ్చిన భాషలో చెప్పుకున్నాకే ఇంటికి ఫోన్ వస్తుంది. మా ఆయమ్మకి ఒడియా బాగా వచ్చు, నిజం చెప్పాలంటే పిల్లలు మా అందరికంటే ఆమెకే ఎక్కువ చెప్తారు, అందుకని ఆమెని కూడా కూర్చోబెడుతున్నాం.

ఈ శనివారం పదింటికి పేరెంట్స్ మీటింగ్. పిల్లల్ని తీసుకురండి, ముందు వాళ్ళు మాట్లాడతారు, అయ్యేదాకా మీరు మధ్యలో అందుకోకండి. బళ్ళు గేటుకి అడ్డంగా పెట్టొద్దు, ఆటోవాళ్ళు నన్ను తిడుతున్నారు.

మీ
హెడ్‌మిస్ట్రెస్