సీసాలో రెండు వేళ్ల ఖాళీ

సంపాదకులకు నమస్కారం.

సరుకుల ధరలు పెరిగినప్పుడల్లా ఇంటి ఖర్చు తగ్గించుకునే చిట్కాలు మీ పత్రికలో వస్తుంటాయి. చీటీ రాసుకుని వెళ్లండి, ఆకలి మీద కొనడానికి వెళ్లకండి, పెద్ద ప్యాకెట్లు తీసుకోండి అంటారు. మంచి మాటలే. కాకపోతే పొదుపు చేతకాక మేమే డబ్బు పోగొట్టుకుంటున్నామన్న ధ్వని వాటిలో వినిపిస్తుంది. కొనేవాళ్లకు అసలు ధర తెలిసేలా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

మా వంటింట్లో కాఫీపొడికి ఒక గాజు సీసా ఉంది. అరకిలో ప్యాకెట్ పోస్తే సరిగ్గా మూత దాకా వచ్చేది. ఈమధ్య కొత్త ప్యాకెట్ కత్తిరించి పోస్తే పైన రెండు వేళ్ల ఖాళీ మిగిలింది. ఒలికిందేమోనని గట్టంతా చూశాను. లేదు. చెత్తబుట్టలో వేసిన ప్యాకెట్ మళ్లీ తీసి చదివితే 450 గ్రాములని ఉంది. అదే రంగు, అదే ఎత్తు, అదే ధర. బరువు పదో వంతు తగ్గింది కాబట్టి ధర పది శాతం పెరిగినట్టేనని మొదట అనుకున్నాను. కాగితం మీద లెక్క వేస్తే 11 శాతం దాటింది. 100 గ్రాముల ప్యాకెట్ 80 గ్రాములైతే మనమీద పడేది 20 శాతం కాదు, 25 శాతం. ధర పెంచితే అందరం గొణుగుతాం. బరువు తగ్గించారని నాకు చెప్పింది ఆ సీసా ఒక్కటే.

ఇక పెద్ద ప్యాకెట్ల సంగతి. ఒకరోజు దుకాణంలో నూనె డబ్బాలు పేర్చినచోట నిలబడి ఫోనులో భాగహారం చేశాను. ఐదు లీటర్ల డబ్బా కన్నా లీటరు ప్యాకెట్లు ఐదు తీసుకుంటేనే తక్కువ పడింది. ఈలోగా వెనక బండితో నిలబడ్డ పెద్దాయన రెండుసార్లు దగ్గారు. ఆయన తప్పేమీ లేదు. కానీ ప్రతి సరుకు దగ్గరా ఇలా లెక్కలు కట్టడం డ్యూటీ దిగి హడావిడిగా వచ్చేవాళ్లకు, చంటిపిల్లను చంకనెత్తుకున్నవాళ్లకు అయ్యే పనేనా?

ఆ లెక్క దుకాణమే వేసి చూపించాలి. కిలోకు ఎంత, లీటరుకు ఎంత అన్నది కూడా రాయాలని యూరోపియన్ యూనియన్ 1998లోనే ఆదేశించింది. ఆస్ట్రేలియాలో పెద్ద దుకాణాల కోసం 2009లో ఇలాంటి నియమావళి వచ్చింది. ఫ్రాన్స్ మరో అడుగు ముందుకు వేసింది. అక్కడ 2024 జూలై 1 నుంచి, బరువు తగ్గి కిలో ధర పెరిగిన సరుకు ఉంటే పెద్ద దుకాణాలు ఆ సంగతి రాసి రెండు నెలలపాటు దాని దగ్గరే పెట్టాలి. అయితే అంకె వేసినంత మాత్రాన సరిపోదు. చీమ తలకాయంత అక్షరాల్లో, ఒకదాని మీద కిలోకు, పక్కదాని మీద 100 గ్రాములకు వేస్తే మళ్లీ ఫోను తీయాల్సిందే.

మా తప్పేమీ లేదని అనను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోనే. అది చదివాక నెలరోజులు ఫ్రిజ్ తలుపుకు కాగితం అంటించి, పారేసిన ప్రతిదీ రాశాను. వాడిపోయిన ఆకుకూరలు, మొలకలొచ్చిన బంగాళాదుంపలు, బూజు పట్టిన రొట్టె. ఆ జాబితా చూసి సిగ్గేసింది. ఇంకో సంగతీ గమనించాను. వాటిలో చాలామటుకు, ఎక్కువ కొంటే చవకని ఎగబడి తెచ్చినవే.

వారం వారం మీరు వేసే ధరల పట్టికలో ప్యాకెట్ ధర ఒక్కటే ఉంటోంది. దాని పక్కన కిలో ధరకు ఒక గడి, కిందటి నెల బరువుకు ఒక గడి చేర్చండి. చోటు చాలదంటే చిట్కాల్లో రెండు తీసేయండి.

— ఒక పాఠకురాలు