బందరు కోటకు దారేది?
ఒక్కరోజులో బందరు చూసొద్దామని వెళ్లేవారికి మంగినపూడి బీచ్ తప్ప మరో దారి చూపేవాళ్లు లేరు. 1611లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టిన రేవిది. అంతకు ముందే డచ్చివారు దిగారు. 1864 ఉప్పెనలో వేలాది మంది కొట్టుకుపోయారు. కోట శిథిలాల దగ్గర ఈ సంగతులు చెప్పే తెలుగు బోర్డు నాకు కనపడలేదు, కంప మాత్రం నడుమెత్తు పెరిగింది. డచ్చి సమాధుల గేటుకు ఆదివారం మధ్యాహ్నం తాళం; తాళంచెవి ఎవరి దగ్గరుందో చుట్టుపక్కల వాళ్లకీ తెలియదు. జనం లడ్డూ కొనుక్కుని తిరుగు బస్సెక్కుతున్నారు (లడ్డూకి వంక పెట్టలేం). సెలవు రోజుల్లోనైనా బస్టాండు నుంచి కోట, సమాధులు, పెడన కలంకారీ షెడ్లు, బీచ్ కలుపుతూ ఒక బస్సు నడపాలి. గేటు మీద కాపలాదారు ఫోన్ నంబరు రాయించాలి, అదేమంత ఖర్చు కాదు.
- ఒక పాఠకుడు, గుడివాడ