బెగోనియా దుంపకు గుంట పైకి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటితోట పేజీలో బెగోనియా అనే పూలమొక్క దుంపల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటో చూడగానే రాయాలనిపించింది, ఎందుకంటే అందులో దుంపని బోర్లా పెట్టారు. బెగోనియా దుంప ఒక పక్క బొద్దుగా గుండ్రంగా ఉంటుంది, రెండో పక్క ఎవరో బొటనవేలితో నొక్కినట్టు గుంట ఉంటుంది. ఆ గుంట పైకి ఉండాలి, మొలకలు వచ్చేది అక్కడే. కంద నాటినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు, కన్ను పైకి ఉండాలని వాళ్ల చేతికే తెలుసు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం మీ ఫొటో ఎలా ఉంటే అలాగే పెడతారు.

అయితే నా అసలు బాధ ఫొటో గురించి కాదు. మార్చిలో ఇంట్లో మొలకెత్తించి మేలో బయట నాటండి అని రాశారు, ఏ ఊళ్లో అన్నది రాయలేదు. పోయినేడు కూడా ఇలాంటిదే వేశారు. అది చదివి కరీంనగర్‌లో మా అక్క ఆన్‌లైన్‌లో ఆరు దుంపలు తెప్పించుకుని, వంటింటి కిటికీ దగ్గర మొలకెత్తించి, మే మొదటి వారంలో మేడ మీద కుండీల్లోకి మార్చింది. రోజూ వీడియో కాల్‌లో నాకు చూపించేది. వారం తిరక్కుండానే ఆకులు వేలాడిపోయాయి, నీళ్లు చాలడం లేదేమోనని ఇంకా పోసింది, దుంపలు మెత్తబడి కుళ్లిపోయాయి. కరీంనగర్‌లో మే అంటే 42, 43 డిగ్రీలు! తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని అక్క చాలా రోజులు బాధపడింది. తనేం తప్పు చేయలేదు, పేపర్లో రాసిన నెలల ప్రకారమే చేసింది, ఆ నెలలు వేరే దేశానివి.

ఆ నెలలు అమెరికాలో నేనుండే మిషిగన్ లాంటి చలిచోటివి. ఇక్కడ మే సగం దాకా ఏదో ఒక రాత్రి మంచు కురిసి లేత మొక్కలు నల్లగా మాడిపోయే భయం ఉంటుంది. మళ్లీ అక్టోబర్ వచ్చేసరికి మంచు మొదలు. దుంప మొలిచి పూత పట్టాలంటే మూడు నాలుగు నెలలు పడుతుంది కదా, మే చివర్లో తిన్నగా నేలలో పెడితే పూలు కనపడేసరికి ఆగస్టు చివరో సెప్టెంబరో, ఆ తర్వాత చూసుకునేది నాలుగు వారాలు. అందుకని మార్చిలో, వాకిట్లో మంచు ఇంకా కరగకముందే, వాటిని ఇంట్లో నిద్ర లేపుతాం.

నేనెలా చేస్తానో రాస్తాను, చలిదేశాల్లో ఉన్న మనవాళ్లకి పనికొస్తుంది. లోతు లేని ట్రేలో కొబ్బరిపొట్టుని తడిపి గట్టిగా పిండి పరుస్తాను. దుంపల్ని గుంట పైకి ఉండేలా అందులో కూర్చోబెడతాను, పైన కప్పను. గుంటలో నీళ్లు నిలిచాయంటే దుంప అక్కడినుంచే కుళ్లుతుంది కాబట్టి నీళ్లు చుట్టూ అంచుల్లోనే పోయాలి, అదీ పొట్టు వేలికి పొడిగా తగిలినప్పుడే. ఈ దశలో దానికి వెలుతురుతో పెద్దగా పని లేదు, వెచ్చదనం కావాలి, 20 డిగ్రీలు దాటి ఉంటే మంచిది. మా ఇంట్లో బట్టలారబెట్టే మెషిన్ ఉన్న గదిలో పెడతాను. రెండు మూడు వారాలకి (కొన్ని నెల దాకా మొండికేస్తాయి, గట్టిగా ఉన్నంతవరకు పారేయొద్దు) గుంట అంచున ఆవగింజంత గులాబీ చుక్కలు వస్తాయి. చలికాలమంతా ఎండిన చెక్కముక్కలా పడున్న దానిమీద ఆ రంగు చూసిన రోజు ఇంట్లో అందర్నీ పిలిచి చూపిస్తాను.

అప్పుడు కిటికీ దగ్గరికి మార్చాలి, రెండు మూడు అంగుళాలు పెరిగాక ఒక్కోదాన్నీ ఒక్కో కుండీలో పెట్టాలి. మే చివర్లో, రాత్రిపూట కూడా 10 డిగ్రీల కంటే తగ్గడం లేదని తేలాక బయటికి. ఒకేసారి బయట పెట్టేయకూడదు, వారం పదిరోజులు పగలు నీడలో ఉంచి రాత్రి లోపలికి తెచ్చుకుంటూ అలవాటు చేయాలి. మొదటి ఏడాది నేనీ ఓపిక పట్టలేదు, ఇంట్లో పెరిగిన లేత ఆకులు ఒక్క మధ్యాహ్నం ఎండకే తెల్లగా కాలిపోయాయి.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. బొలీవియా, పెరూ వైపు చల్లటి కొండల్లోంచి 1860ల్లో ఇంగ్లండ్‌కి తెచ్చిన మొక్కల్ని సంకరం చేస్తే వచ్చినవే ఇప్పటి పెద్దపూల రకాలు. చల్లటి రాత్రులు దొరక్కపోతే ఇది నిలబడదు. పైగా పొడుగు పగళ్లలోనే బాగా పూస్తుంది, పగలు తగ్గేకొద్దీ పూత మానేసి బలమంతా దుంపకి పంపుతుంది. జూన్‌లో మాకు పగలు 15 గంటలకి పైనే, హైదరాబాద్‌లో 13 గంటలు. వేడి ఒకవైపు, పగలు తక్కువ కావడం ఇంకోవైపు, అక్క ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఏం లాభం?

నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు కొమ్ము ఎప్పుడు పెట్టాలో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు, తొలకరిని చూసుకుని పెడతాడు. అక్కడ వానని బట్టి, ఇక్కడ మంచుని బట్టి. మీ పేజీ రాసేవాళ్లు బయటి వ్యాసాలు తెచ్చుకోవడం తప్పనను, కానీ నెల పేరు రాసేటప్పుడు అది ఏ ఊరికో, ఎందుకో కూడా ఒక్క ముక్క రాయండి. బెగోనియా అంటే ఇష్టమున్న మన ఊళ్లవాళ్లకి చలికాలంలో నర్సరీల్లో దొరికే మామూలు రకం చెప్పండి, దుంప ఉండదు, కొమ్మ గుచ్చినా బతుకుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోసి దుంపలు కొనొద్దని కూడా రాయండి.

ఫొటో మాత్రం వచ్చే ఆదివారమే సరిచేయండి. టొరంటోలో, చికాగోలో మీ పేపర్ చదివే మనవాళ్లు ఈ వారమే ట్రేలు సర్దుకుంటుంటారు.

మీ పాఠకురాలు,
మిషిగన్, అమెరికా