కలెక్టరమ్మ చేపింది

ఒరేయ్ పంతులూ,

చేపిందిరా! మా గేదె కలెక్టరమ్మ పాలు చేపింది! ముందు ఈ ముక్క రాస్తే గానీ మిగతాది రాయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం పండక్కి ముందే అందింది. జవాబు ఇంత ఆలస్యమైనందుకు తిట్టుకోకు, ఇంట్లో పరిస్థితి అలా ఉంది. పొడిపొడిగా చెప్పేస్తాను. దాళ్వా ఊడ్పులు అయిపోయాయి, ఈసారి కూడా 1121 రకం వరి వేశాం. కాలవకి వంతులు పెట్టారు, శివారు చేలకి నీళ్లెక్కడం కష్టంగానే ఉంది. కొబ్బరి దింపు తీయించాం. చంటోడికి జలుబు తగ్గింది. రేవులో మన మెట్టు జోలికి ఎవరూ రాలేదు, నిశ్చింతగా ఉండు.

ఇక అసలు సంగతి. అమ్మకి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. కుడికాలు. ఆ కాలు ఈడ్చుకుంటూ ఎన్నేళ్లు నెట్టుకొచ్చిందో నువ్వూ చూశావుగా. గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, ఎముకకి ఎముక రాసుకుంటోంది, ఇక మాత్రలతో లాభం లేదు అని డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. అయినా "పండగ వెళ్లనివ్వండి, జగ్గన్నతోటలో ప్రభలు చూశాకే వస్తాను" అని కూర్చుంది. కనుమనాడు ప్రభల మీద వచ్చిన పదకొండు ఊళ్ల రుద్రులకీ దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే రాజమండ్రి బయల్దేరింది. ఆత్రేయపురం దాటి బ్యారేజీ మీదకి వచ్చాక కారు ఆపించి, గోదారిలో రూపాయి వేసి, చాలాసేపు అలా చూస్తూ నిలబడిపోయింది. భయపడుతోందని అప్పుడు అర్థమైంది నాకు. పైకి ఒక్క మాట అనలేదు.

నడుము దగ్గర వెన్నులో మత్తిచ్చారు కాబట్టి ఆపరేషన్‌లో కాస్త మెలకువగానే ఉందట. "మనింటి ద్వారబంధం బిగించినప్పటిలా టకటకా చప్పుళ్లేరా" అంది బయటికి తీసుకొచ్చాక. మర్నాడే వాకరిచ్చి నిలబెట్టారు. ఆ మొదటి అడుగప్పుడు ఆవిడ ముఖం చూడలేక వరండాలోకి వచ్చేశాను.

ఇక్కడ ఇంటిదగ్గర కలెక్టరమ్మ సంగతి విను. పుష్యమాసంలో ఈనింది, పెయ్యదూడ. పూటకి నాలుగు లీటర్లకి తగ్గేది కాదు. అలాంటిది అమ్మ లేని మొదటి పూటే పాలు ఎగచేపేసింది. మీ చెల్లెమ్మ కూర్చుంది, పాలేరు కూర్చున్నాడు, పాలకేంద్రం దగ్గర చెయ్యి తిరిగిన మనిషిని కూడా బతిమాలి తీసుకొచ్చాం. దూడ కుడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, దూడని లాగి మనిషి చెయ్యి వేశామా, బిగబట్టేస్తుంది. బకెట్టు అడుగు తడిస్తే గొప్ప. పొదుగు గట్టిపడిపోతోంది, వాపు వస్తుందేమోనని అందరికీ టెన్షన్. ఊళ్లో ఒకాయన వచ్చి ఇంజెక్షన్ పొడిస్తే నిమిషంలో చేపుతుందన్నాడు. నాన్న ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. పశువుల డాక్టరుగారు కూడా అదే చెప్పారు, ఆ ఇంజెక్షన్ జోలికి పోవద్దు, పైగా నేరం అని. బెదిరిన గేదెకి చేపు రాదట. అదే వేళకి, అదే చోట, అలవాటైన మనిషే పిండాలన్నారు. ఆ అలవాటైన మనిషి రాజమండ్రిలో మంచం మీద ఉంది!

ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మ గొంతు వినిపించాం. చెవులు రిక్కించింది, అటూ ఇటూ చూసింది, ఒక్క అరుపు అరిచింది. అంతే. చుక్క రాలలేదు. ఆ అరుపు విని అక్కడ అమ్మ ఒకటే ఏడుపు.

ఇంటికి తీసుకొచ్చాక ఇంకో బాధ. పశువుల సావిడి పక్క గదిలోనే పడుకోబెట్టాం. చూడవచ్చిన ప్రతివాళ్లూ ప్రేమ కొద్దీ మోకాలి కింద దిండు పెట్టడం, అమలాపురం నుంచి వచ్చే ఫిజియో అబ్బాయి తీసేయడం. అలా పెడితే కాలు తిన్నగా సాగడం మానేస్తుందట. నేలమీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు అని ఆ అబ్బాయి గట్టిగా చెప్పాడు. "అంటే ఇక పాలు పిండడం లేనట్టే కదా బాబూ" అంది అమ్మ మెల్లిగా. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

అప్పుడు నాన్న ఏం చేశాడో చెప్తాను. నాన్నకి చేను తప్ప సావిడి పని తెలీదని నీకు తెలుసు. పొదుగు మీద ఎన్నడూ చెయ్యి వేసిన మనిషి కాదు. మర్నాడు పేడ ఎత్తించి, నేల కడిగించి, ఆరాక పొడి ఊక పోయించాడు. గది గుమ్మం నుంచి గేదె దాకా ఎత్తుపల్లాలు లేకుండా మట్టి కొట్టించాడు. ఫిజియో అబ్బాయికి ఫోన్ చేసి, చేతులున్న ఎత్తు కుర్చీ అయితే పర్లేదా, కాలికి ఏం తొడగాలి, అన్నీ అడిగాడు. జారని చెప్పులు వేసి, పక్కన ఒక మనిషి ఉంటే తీసుకెళ్లొచ్చన్నాడు ఆ అబ్బాయి.

తెల్లారకుండానే అమ్మ వాకర్ పట్టుకుని బయల్దేరింది. ఒకపక్క నేను, ఒకపక్క మీ చెల్లెమ్మ. వాకర్ చప్పుడికే కలెక్టరమ్మ పలుపు తెంచుకునేంత పని చేసింది. అమ్మ దాని ముందు కుర్చీలో కూర్చుని, కొమ్ము మొదలు పట్టుకుని, "ఏమే, నేను నాలుగు రోజులు లేకపోతే ఇంత పెంకితనమా, నీ కూతురు పాలు కూడా నీకు అక్కర్లేదా" అని రోజూ తిట్టే తిట్లే మొదలుపెట్టింది. నాన్న గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, చేతులకి నూనె రాసుకుని కూర్చున్నాడు. రావట్లేదు. "బొటనవేలు మడవకండి, దానికి నొప్పి. పిడికిలి నిండా పట్టి పైనుంచి కిందకి" అంటోంది అమ్మ, గేదె మొహం మీంచి చూపు తిప్పకుండానే. ఇంకాసేపు అలాగే గడిచింది. నేనైతే ఆశ వదిలేసుకున్నాను.

ఒక్కసారిగా సర్రుమంది రా! మళ్లీ సర్రు. బకెట్టులో నురగ లేస్తోంది. నాన్న తల ఎత్తి, "ఈ పని ఇంత కష్టమని ఇన్నేళ్లూ చెప్పలేదేమే" అన్నాడు. "మాటలాపి బకెట్టు చూసుకోండి, తన్నేస్తుంది" అంది అమ్మ. అంటూనే కళ్లు తుడుచుకుంది. నువ్వుండి ఉంటే, కలెక్టరమ్మ కదా, "సంతకం అయిందా?" అని అరిచేవాడివి. అయిందిరా, రెండు లీటర్ల పైన సంతకం!

ఇప్పుడు రెండు పూటలా అదే. అమ్మ ముందు, నాన్న పక్కన. వ్యాయామం చేయమంటే గంట బతిమాలించుకునే మనిషి, సావిడి వేళకి ఎవరూ లేపకుండానే లేస్తోంది. మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగుతోందని ఫిజియో అబ్బాయి కూడా సంతోషించాడు. కుట్లు తీసేశారు. సాయంత్రానికి వాపు వస్తుంది, ఐసు పెడుతున్నాం. రాత్రిళ్లు నొప్పికి మూలుగుతుంది, అది వింటూ పడుకోవడం నా వల్ల కావట్లేదు. ఎడమకాలు కూడా ఆర్నెల్లాగి చేయించాలన్నారు. ఆ డబ్బు సంగతి, అమ్మకి ఎలా చెప్పాలన్నది... ఇప్పుడు రాయలేనులే.

నాన్న వేళ్లు రాత్రయ్యేసరికి పట్టేస్తున్నాయట. మాకెవరికీ చెప్పలేదు. నిన్న మీ చెల్లెమ్మ నీళ్లివ్వడానికి వెళ్తే, అమ్మ మంచం మీద కూర్చుని ఆయన చేతులకి కొబ్బరినూనె రాస్తోందట. ఇది చూశాక నాకేమనిపించిందంటే—

ఆగు, నాన్న గట్టు మీంచి కేకేస్తున్నాడు. మన వంతు నీళ్లు బోదెలోకి వచ్చాయి, ఇప్పుడు వెళ్లకపోతే పైచేను వాళ్లు మళ్లించేసుకుంటారు. శివరాత్రికి కోటిపల్లి వస్తున్నావా లేదా, ఆ ఒక్క ముక్క వెంటనే రాయి. అమ్మ నీకోసం జున్ను పాలు దాచలేకపోయానని తెగ

సరే, పార పట్టుకుని పోతున్నాను. ఉంటానురా.