టార్పాలిన్ కింద జీపీఎస్

సంపాదకులు గారికి,

పది రోజుల కిందటి ఫొటో గురించి ఇప్పుడు రాస్తున్నాడేమిటి అనుకోకండి. వేటకు పోయి మొన్ననే ఒడ్డుకు వచ్చాను. ఇంట్లోవాళ్లు దాచిన పేపర్లు తిరగేస్తుంటే మీ జిల్లా పేజీ కనపడింది. మత్స్యకారులకు అవగాహన లేకే బోట్లు దారి తప్పుతున్నాయని సదస్సులో ఒక అధికారి గారు సెలవిచ్చారట. పక్కనే, ఆధునిక జీపీఎస్ ఉన్న బోటు అంటూ మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తీసిన ఫొటో. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. కేబిన్ మీద తెల్ల పుట్టగొడుగులా యాంటెన్నా, సగం టార్పాలిన్ కింద. ఆ పైన తడి వల కుప్ప. అచ్చు వేసేముందు ఒక్కరికీ ఏమీ అనిపించలేదా?

జీపీఎస్ ఉపగ్రహాలు ఉండేది 20 వేల కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ బోటుకు చేరేసరికి కొనఊపిరితో ఉంటుంది. మనం ఎక్కడున్నామో తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి, అవీ ఆకాశంలో తలో పక్కా ఉంటేనే లెక్క సరిగ్గా కుదురుతుంది. తడి వల, రేకు కప్పు, కళాసీలు ఆరేసుకున్న లుంగీలు అడ్డం పడితే ఎంత ఖరీదైన సెట్టయినా ఏం చేస్తుంది?

నా బోటు సంగతే చెబుతాను. నాలుగేళ్ల కిందట కొత్త జీపీఎస్ సెట్టు కొంటే షాపువాళ్లే బిగించడానికి కుర్రాణ్ణి పంపారు. ఎంత ఎత్తయితే అంత మంచిదని దాని యాంటెన్నాను మాస్ట్ (బోటు మీది నిలువు స్తంభం) చివర, మేం మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నాకు జానెడు ఎడంలో బిగించాడు. కేబుల్ చాల్లేదని టీవీ కేబుల్ ముక్క మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. ఇక మా డ్రైవరు వీహెచ్‌ఎఫ్ మైకు నొక్కినప్పుడల్లా సెట్టులో పొజిషన్ మాయం. 25 వాట్ల రేడియో చెవిలో అరుస్తుంటే పాపం దానికేం వినపడుతుంది? రెండింటికీ మధ్య కనీసం మీటరైనా ఉండాలని నాకు తర్వాత తెలిసింది. ఎత్తు సంగతి ఇంకా తమాషా. 8 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నా, బోటు 15 డిగ్రీలు ఒరిగితే 2 మీటర్లు పక్కకు పోతుంది. అటు ఒరిగితే అటు 2 మీటర్లు. వల లాగుతూ నత్తనడకన పోతున్నా సెట్టు మాత్రం బోటు వంకర్లు తిరుగుతోందని చూపించేది. డ్రైవరు మందు కొట్టాడని కళాసీలు ఒకటే నవ్వు. రెండో వర్షాకాలానికి ఆ టేపు చుట్టిన అతుకులోకి ఉప్పునీరు దిగి సెట్టు పూర్తిగా చేతులెత్తేసింది. తీరానికి ఎంత దూరంలో ఉండగా అన్నది ఇక్కడ రాయను, ఈ పేపరు మా ఇంట్లోనూ చదువుతారు.

ఇప్పుడు యాంటెన్నా కేబిన్ కప్పు మీద, మాస్ట్‌కు ఎడంగా, పొట్టి పైపు మీద ఉంది. కేబుల్ అతుకు లేని ఒకే ముక్క. పీడ వదిలింది.

కొనేటప్పుడూ ఇదే బాధ. ఏ యాంటెన్నా అయినా ఒకటేనంటారు షాపులో. ఒకటెలా అవుతుంది? యాంటెన్నాలో సిగ్నల్‌ను పెంచే చిన్న యాంప్లిఫయరుకు కరెంటు సెట్టు నుంచే పోతుంది. కొన్ని సెట్లు 3.3 వోల్టులు ఇస్తాయి, కొన్ని 5. జీపీఎస్ లాంటిదే మన దేశపు ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ మొదట వచ్చింది వేరే ఫ్రీక్వెన్సీల్లో. జీపీఎస్ ఫ్రీక్వెన్సీలోనూ పంపే మొదటి నావిక్ ఉపగ్రహం 2023 మేలో గానీ పైకి పోలేదు. పాత నావిక్ సెట్టుకు మామూలు జీపీఎస్ యాంటెన్నా తగిలిస్తే అది అలంకారమే.

బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు తెలిపే ట్రాన్స్‌పాండర్లను బోట్లకు ఇచ్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. లక్ష బోట్లు, సుమారు రూ.360 కోట్లు. మంచి పథకమే, కాదనను. కానీ ఆ పెట్టె కూడా ఆకాశాన్ని చూడాల్సిందే కదా! బిగించి ఫొటో తీసుకున్నాక దాని మీద ఏం కప్పారో మళ్లీ వచ్చి చూసే నాథుడు ఉన్నాడా? 2023 నవంబరులో హార్బర్‌లో బోట్లు తగలబడినప్పుడు జెట్టీ మీద కాలు పెట్టే చోటు లేకుండా వచ్చారు అందరూ. మామూలు రోజుల్లో ఒక్కరూ కనపడరు. తాగే నీళ్లకూ, వీధి దీపాలకూ అర్జీలు పెట్టి పెట్టి మాకు దస్తూరీ మాత్రం బాగుపడింది.

మా తాత డాల్ఫిన్ నోస్ కొండనూ దాని వెనకాల కొండల్నీ గురి కలుపుకుని ఇంటికి వచ్చేవాడు. కొండ మీద ఎవరూ టార్పాలిన్ కప్పరు కదా. ఇప్పటి బోట్లు కొండలు కనపడనంత దూరం పోతున్నాయి. సముద్రం మీద సరిహద్దు గీత ఉండదు, సెట్టులోనే ఉంటుంది. 2018లో గుజరాత్ నుంచి వేటకు పోయి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర వాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇవతలికి రాలేదు. అలాంటి ఇళ్లకు వెళ్లి అవగాహన గురించి చెప్పమనండి చూద్దాం.

వేట నిషేధం వల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. భృతి జాబితా కోసం ఎలాగూ లెక్క పెట్టడానికి వస్తారు. వచ్చినవాళ్లు ఒకసారి తల పైకెత్తి యాంటెన్నా కూడా చూడాలి. కేబుల్ అతుకు పట్టుకుని లాగి చూడాలి. బోటుకు పది నిమిషాలు చాలు. ఆ పనికి సదస్సు అక్కర్లేదు, ఫ్లెక్సీ అంతకన్నా అక్కర్లేదు.

ఈలోగా మీ ఫొటోగ్రాఫరుకు ఆ బోటు ఎవరిదో గుర్తుంటే, ఆ టార్పాలిన్ తీసేయమని చెప్పించగలరు.

ఇట్లు,
ఒక మరబోటు యజమాని,
ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం