టెన్త్, ఇంటర్ పిల్లలున్న పేరెంట్స్ ఒక్కసారి చదవండి

నమస్తే అండి. నిన్న రాత్రి అన్నం తింటుంటే మా టెన్త్ అమ్మాయి దోమ కుడితే హెచ్ఐవీ వస్తుందా అమ్మా అని అడిగింది, చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది నాకు, కానీ చెప్పేశా, దోమల వల్ల రాదు కలిసి తిన్నా రాదు, కండోమ్ లేకుండా కలిసినా ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడినా వస్తుంది అని. కండోమ్ అనే మాట మా ఇంట్లో అనడం అదే ఫస్ట్ టైమ్. మనం చెప్పకపోతే ఫోన్‌లో చూసిందే నిజమనుకుంటారండి. టాటూకి వెళ్తే కొత్త సూది కళ్ల ముందే ఓపెన్ చేయించుకోమనండి. ఏదైనా జరిగిందని భయమేస్తే 72 గంటల్లోపే డాక్టర్‌ని పెప్ మందుల (హెచ్ఐవీ సోకకుండా ఆపడానికి వాడేవి) గురించి అడగాలి, 28 రోజుల కోర్సు, లేట్ చేయొద్దు. గవర్నమెంట్ ఐసీటీసీల్లో, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టింగ్ సెంటర్లలో, టెస్ట్ ఫ్రీ. డౌట్స్ ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.